రెండు తెల్లవి దిగినయ్

మా ఆయన పరారీలో ఉన్నాడని పోలీసులు కాగితం మీద రాసుకున్న రోజు పొద్దున ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. ఉప్మాలో ఉప్పు తక్కువైందని నన్ను సాధించి, అదే ఉప్మా రెండోసారి పెట్టించుకుని తిని, గుడికి వెళ్లి పులిహోర కలిపాడు. ఆ కాగితం సంగతి మాకు నాలుగైదు రోజుల తర్వాత తెలిసింది. తెలిసినప్పుడు నాకు మొట్టమొదట గుర్తొచ్చింది ఆ ఉప్మానే.

మాది ఉప్పుగూడ. రైలు పట్టాలకు ఇవతలి గల్లీ. మా మామగారు గుడి వంటశాలలో చేసేవారు, ఆయన తర్వాత మా ఆయన. యాభై నాలుగేళ్ల మనిషి. తొమ్మిదింటికల్లా ప్రసాదాల పని అయిపోతుంది. ఆ తర్వాత ఆయన లోకమంతా డాబా మీదే. డాబా మీద పావురాలు, ఇరవై రెండు. ఒక్కోదానికి ఒక్కో గూడు, వేసవిలో తడి గోనెపట్టాలు, జలుబు చేస్తే మిరియాల నీళ్లు. నాకు జలుబు చేసినప్పుడు మిరియాలు ఎక్కడున్నాయో ఆయనకు తెలిసేది కాదు.

ఈ పిచ్చి ఆయనకు అంటించింది పట్టాలకు అవతల ఉండే ఉస్తాద్. డెబ్బై దాటిన ముసలాయన. గాజుల పని చేసి చేసి చూపు మందగించింది కానీ ఆకాశంలో పావురాన్ని మాత్రం ఎంత దూరం నుంచైనా ఎవరిదో చెప్పేస్తాడు. నేను ఆయన్ని చాచా అని పిలుస్తాను.

పావురాలు ఎగరేసేవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకరి పావురం దారి తప్పి ఇంకొకరి డాబా మీద దిగితే, దోస్తీ ఉన్నవాళ్లు వెంటనే కబురు చేసి తిరిగి ఇచ్చేయాలి. దోస్తీ లేనివాళ్లు ఉంచేసుకోవచ్చు, అడిగే హక్కు లేదు. వెనకట గల్లీ గల్లీ తిరిగి కబురు చెప్పేవారట. ఇప్పుడు ఫోన్లు, మెసేజ్‌లు. పొద్దస్తమానం మా ఇంట్లో ఇదే మాట. "అన్నా, నీ తెల్లవి రెండు దిగినయ్ ఈడ." "నల్లది రేపు తెస్తా." "కొత్త మాల్ ఎట్లుంది?" పావురాలను వాళ్లు మాల్ అంటారు. ఉస్తాద్ అంటాడు కాబట్టి అందరూ అంటారు. ఇరవై ఏళ్లు ఆ మాట వింటూ నేను బియ్యం ఏరుకున్నాను. దానికి ఇంకో అర్థం ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

మా ఆయనకు అందరికంటే ఎక్కువ ఫోన్లు చేసేది ఒక వ్యాన్ డ్రైవర్. గింజల దుకాణం నుంచి సజ్జలు, జొన్నలు తెచ్చి ఇంటింటికి వేసేవాడు. పట్టాలకు అవతలే ఇల్లు. అతనికీ పది పన్నెండు పావురాలు ఉండేవి. రెండేళ్ల కిందట అతని తెల్ల పావురం, కాలికి ఎర్రదారం కట్టింది, మా డాబా మీద దిగింది. ఆ వారం వాళ్లిద్దరూ ఏదో మాట మీద అలిగి ఉన్నారు. అలిగి ఉన్నాం కాబట్టి దోస్తీ లేనట్టేనని మా ఆయన దాన్ని ఉంచేసుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు, ఫోన్లు మొదలయ్యాయి, పావురం మాత్రం మా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చెయ్యమని నేను చాలాసార్లు అన్నాను. "అడిగితే ఇస్తా. అడగనియ్యి," అనేవాడు. అతను అడగలేదు.

ఒక మంగళవారం పది గంటలప్పుడు ఇద్దరు మనుషులు మామూలు బట్టల్లో వచ్చారు. చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చారు.

"నీ భర్త ఏడమ్మా?"

"గుడికి పోయిండు సార్."

"గుళ్లె లేడు. చూసే వస్తున్నం."

చింతపండు కోసం బేగంబజార్ వెళ్లాడని నాకు తెలుసు. అది చెప్పేలోపే ఒకతను మెట్లెక్కి డాబా మీదికి పోయాడు, నేను వెనకాలే వెళ్లాను. గూళ్లన్నీ చూశాడు. గింజల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టాడు. పైకి తీసి వేళ్లు వాసన చూశాడు.

"గింజలు ఎవడు తెస్తడు?"

నేను చెప్పేశాను. వ్యాన్ ఆయన తెస్తాడని, వారానికి రెండుసార్లు వస్తాడని, ఇద్దరూ బాగా మాట్లాడుకుంటారని. అడగనిది కూడా చెప్పాను. నిజం చెబితే వెళ్లిపోతారనుకున్నాను. అతను చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నా మాట ఒకటి కాగితం ఎక్కడం నేను పుట్టాక అదే మొదలు.

"నీ గింజలాయన గంజాయితోని దొరికిండు," అన్నాడు పుస్తకం మూస్తూ. "వ్యాన్ల మూటలు దొరికినయ్. నీ భర్త పేరు చెప్పిండు. ఆయన రాంగనే స్టేషన్‌కు రమ్మను. రాకుంటే మాకు రానీకి తెలుసు."

వాళ్లు వెళ్లిన అరగంటకు మా ఆయన చింతపండు మూట భుజాన వేసుకుని వచ్చాడు. నేను చెప్పింది విని మూట దించకుండానే నిలబడ్డాడు.

"నేనేం జేసిన? పోయి చెప్పొస్తా," అన్నాడు.

అప్పటికే గల్లీలో తెలిసిపోయింది. ఉస్తాద్ ఆయాసపడుతూ పట్టాలు దాటి వచ్చాడు.

"నక్కో మియా, పోవద్దు. ఒక్కపాలి లోపటికి పోతే నువ్వు చెప్పేది ఎవరు వినరు. ముందుగాల వకీల్‌ను అడుగుదాం."

"తప్పు చెయ్యనోడు దాక్కుంటాడా ఉస్తాద్?"

"తప్పు చేసినోనికి ఎట్ల దాక్కోవాల్నో తెలుస్తది. నీకు అదే తెలువది, అందుకే నా ఇంటికి నడువు."

అలా మా ఆయన ఒక లుంగీ, ఒక చొక్కా పట్టుకుని పట్టాలకు అవతల ఉస్తాద్ ఇంటి మేడ గదిలోకి వెళ్లిపోయాడు. గుడికి జ్వరమని కబురు పెట్టాం.

భయం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలుసనే అనుకున్నాను. కాన్పుల భయం చూశాను, మూసీ వరద నీళ్లు గల్లీలోకి వచ్చిన భయం చూశాను. ఇది వేరు. ఇది ఇంటి పనిలోకి దూరింది. ఆయన లుంగీ ఉతికి డాబా మీద ఆరేస్తే మనిషి ఇంట్లోనే ఉన్నాడనుకుంటారని లోపల ఫ్యాన్ కింద ఆరేశాను. బియ్యం ఒక్కదానికే పోశాను. పోసి, మరీ కొంచెం పోశానేమో, మొగుడు పారిపోయాడని తెలిసిన ఆడది ఇలాగే పోస్తుందనుకుంటారేమోనని ఇంకో గిద్దెడు కలిపాను. కుక్కర్ కూత వేస్తే ఉలిక్కిపడ్డాను. బైకు చప్పుడు మా గుమ్మం దాటి ముందుకు వెళ్లేదాకా ఊపిరి వదలలేదు. కరీంనగర్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేస్తే, మీ నాన్న గుళ్లో ఉన్నాడని చెప్పాను.

ఆ భయంలోనే నేనొక పని చేశాను. ఆ పోలీసు వేళ్లు వాసన చూడటం నా కళ్లలోంచి పోలేదు. ఈ పావురాల వల్లే కదా ఫోన్లు, ఈ ఫోన్ల వల్లే కదా పేరు. పావురాలు లేకపోతే ఏమీ లేనట్టే అనిపించింది. మర్నాడు పొద్దునే ఇరవై రెండింటినీ రెండు గంపల్లోకి ఎక్కించి, పైన తడిగుడ్డ కట్టి, ఆటోలో మలక్‌పేటలో ఉండే మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్లాను. ఆటో అతను ఏముందమ్మా అంటే కోళ్లన్నాను. "కోళ్లు గిట్ల గురగుర అంటయా?" అన్నాడు. రేస్‌కోర్సు దాటేదాకా నేను మళ్లీ నోరు విప్పలేదు. చెల్లెలి చేతుల్లో గంపలు పెట్టి, ఎవరు అడిగినా నీవేనని చెప్పమన్నాను. ఇంటికి వచ్చి గూళ్లు కడిగాను. రెట్టలన్నీ గీకి, ఫినాయిల్ పోసి, ఈకలు కూడా ఏరాను. మా ఆయనకు చెప్పలేదు.

రెండు రోజులకు ఉస్తాద్ నన్ను నయాపూల్ దగ్గర ఒక వకీలమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. సందులో మెట్లెక్కితే చిన్న గది, గోడ నిండా దస్త్రాలు. ఆమె అప్పటికే కోర్టు నుంచి ఆ కేసు కాగితాల నకలు తెప్పించింది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని, అదీ ఇంగ్లీషులో ఉంది. ఆమె చదివి చెప్పింది.

"మొదటి ముద్దాయి వ్యాన్ డ్రైవర్. రెండో ఆయన వ్యాన్ల కూర్చున్నోడు. మూడో ఆయన మీ ఆయన. ఇదిగో, పరారీలో ఉన్నడని రాసిన్రు."

ఏ రోజు రాశారని అడిగాను. తారీఖు చెప్పింది. వాళ్లు మా ఇంటికి రావడానికి ముందు రోజు. నేను ఉప్మా గురించి చెప్పాను. వకీలమ్మ నవ్వలేదు.

"మీ ఇంట్ల ఏమన్న దొరికిందా?"

"గింజలు దొరికినయమ్మా."

"అట్ల కాదు. గంజాయి?"

"రామ రామ."

"అయితే మీ ఆయన మీద ఉన్నదల్ల ఒక్కటే, దొరికినోడు చెప్పిన మాట. దొరికినోడు ఇంకొకని పేరు చెప్తే ఆ ఒక్క మాట మీదనే నేరం నిలవది. కానీ పట్టుకపోవుడు ఆగది. ఈ కేసుల్ల లోపటికి పోతే బెయిలు వచ్చుడు మస్తు కష్టం. నెలలు గడుస్తయ్. అందుకే పట్టుకోకముందే కోర్టుకు పోవాలె. ముందస్తు బెయిలు."

"బెయిలు దొంగలు గదమ్మా తీసుకునేది," అన్నాను. నిజంగానే అన్నాను. "మేం బెయిలు అడిగితే చేసినట్టు ఒప్పుకున్నట్టే అయితది గద."

"వాన పడకముందే గొడుగు పట్టుకుంటే తడిసినట్టా అమ్మా?" అంది. తర్వాత ఇంకో కాగితం తీసింది. "అసలు గొడవ ఇది. దొరికినోని ఫోన్ల ఉన్న మెసేజ్‌లు. 'రెండు తెల్లవి దిగినయ్. నల్లది రేపు. కొత్త మాల్ మంచిగుంది.' వీటిని వాళ్లు గంజాయి మాటలంటున్నరు."

ఉస్తాద్ కుర్చీలోంచి లేచాడు. "కబూతరాఁ హైఁ అమ్మా, కబూతరాఁ. ఆ మాల్ అనే మాట నేను నేర్పిన. నన్ను పట్టుకపోమను."

"కూసోండి చాచా. పావురాలని నాకు తెలుసు, మా అమ్మగారిల్లు మీ పక్కన అలియాబాద్‌లనే. కోర్టుకు తెల్వాలె గద. డాబా, గూళ్లు, తెల్లవి, నల్లవి, అన్ని ఫొటోలు కావాలె. మీరు ఒక ప్రమాణపత్రం ఇయ్యాలె. పిట్టలు ఎన్నున్నయమ్మా?"

నేను తల వంచుకున్నాను. ఉస్తాద్ నా వైపు చూశాడు, వకీలమ్మ చూసింది. చెప్పక తప్పలేదు. మలక్‌పేట, గంపలు, తడిగుడ్డ, ఫినాయిల్, అన్నీ చెప్పాను.

"ఈకలు సుత ఏరినవా?" అంది వకీలమ్మ.

"ఏరిన."

"వాళ్లు ఇప్పుడొచ్చి ఖాళీ గూళ్లు చూసి పంచనామా రాసుకుంటే ఏమైతదో ఎరుకేనా? సాక్ష్యం మాయం చేసిన్రు అంటరు. అప్పుడు నువ్వు నాలుగో ముద్దాయివి."

ఉస్తాద్ నుదురు పట్టుకుని, "అరే బేటీ, నీ మొగన్ని కాపాడే సాక్షులే అవి. ఇరవై రెండు గవాలను గంపల కట్టి పంపిస్తివి," అన్నాడు. ఇంకో రోజైతే ఆ మాటకు నవ్వేదాన్నే.

అక్కడి నుంచే చెల్లెలికి ఫోన్ చేశాను. గంపలు భద్రంగా ఉంచు, వస్తున్నానన్నాను.

"గంపలున్నయ్ అక్కా," అంది. "పిట్టలు లెవ్వు. లోపట ఒకదాని మీద ఒకటి పడి మూలుగుతున్నయ్. పాపమనిపించింది. పొద్దుగాల గుడ్డ తీసిన. అన్ని ఒక్కపాలే లేచిపోయినయ్."

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. గల్లీ మలుపులో ఉండగానే పైకి చూశాను. డాబా పిట్టగోడ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఫినాయిల్ వాసనకు గూళ్లలోకి పోకుండా బయటే, అలిగిన చుట్టాల్లా. పద్నాలుగు లెక్కపెట్టాను. సాయంత్రానికి ఇంకో ఏడు వచ్చాయి. ఎర్రదారం కట్టిన తెల్లది ఒక్కటే రాలేదు.

నాకు తెలియని ఇంకో సంగతి అవతల జరిగింది. మా ఆయన ఉస్తాద్ మేడ గది కిటికీలోంచి ఆ పొద్దున తన పావురాలు మలక్‌పేట దిక్కు నుంచి రావడం చూశాడు. మా డాబా మీద చుట్లు తిరుగుతున్నాయి, కింద విజిల్ వేసేవాళ్లు లేరు, ఎవరో ఎగరేసినట్టు లేదు. వాటినెవరు వదిలారో తెలియదు. నన్ను పట్టుకుపోయారని, గూళ్లు తెరిచి సోదా చేశారని అనుకున్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడట. ఉస్తాద్ కోడలు వాకిట్లో అడ్డం నిలబడి తలుపు గొళ్లెం పెట్టేసిందట. "పరదాలో ఉన్న ఆడోళ్లను దాటిపోతవా భాయ్?" అందట. ఆ మాటకు ఆగిపోయాడు. ఇది నాకు చాలా రోజుల తర్వాత చెప్పాడు.

ఫొటోలు తీయించాం. ఉస్తాద్ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాడు. కింది కోర్టులో వేస్తే, కేసు పెద్దది, దొరికిన మూటలు ఎక్కువ, ఇవ్వడం కుదరదని కొట్టేశారు. వకీలమ్మ నయాపూల్ పక్కన ఉన్న పెద్దకోర్టులో వేస్తానంది. అక్కడ కాదంటే ఇక దారి లేదా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కింది కోర్టు కొట్టేసిన రోజు మధ్యాహ్నం నేను చేసిన పని రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. తలుపు గడియ వేసుకుని, మా ఆయన ట్రంకుపెట్టె తెరిచాను. చొక్కాలన్నీ ఒక్కొక్కటే తీసి ముక్కుకు ఆనించుకుని వాసన చూశాను. జేబులు తిరగేశాను. ముప్పై ఏళ్ల కాపురం చేసినదాన్ని, ఆ పోలీసు వేళ్లు వాసన చూసినట్టే చూశాను. ఇంగువ, చింతపండు, పోపునూనె వాసన తప్ప ఇంకేం లేదు. ఒక జేబులో నాలుగు సజ్జ గింజలు దొరికాయి. మళ్లీ మడతలు పెట్టి సర్దాను. ఈ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాతి వారం మా తలుపు ఎవరో తట్టారు. కిటికీ సందులోంచి చూస్తే వ్యాన్ డ్రైవర్ భార్య. కొంగు కింద ఏదో పట్టుకుని ఉంది. వకీలమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది, వాళ్ల మనుషులతో మాట్లాడకండి, మీరు బెదిరించారంటారు, ఉన్న ఒక్క దారీ పోతుంది అని. తలుపు తీయకూడదు. కానీ ఆమె గల్లీలో నిలబడి ఉంటే నలుగురూ చూస్తారు. తలుపు సగం తీసి, రెండో సగాన్ని పట్టుకుని నిలబడ్డాను.

ఆమె కొంగు పక్కకు జరిపింది. తెల్ల పావురం. కాలికి ఎర్రదారం.

"అక్కా, ఇది మా డాబా మీద వాలింది. మీ తాననే ఉంటుండె గద, తెచ్చిన."

"అది మీదే," అన్నాను.

"మాదే. ఇంత కాలం మీ గింజలు తిన్నది."

ఆమె చెంపలు లోపలికి పోయాయి. పావురాన్ని పట్టుకున్న చేతికి గాజులు లేవు. అమ్ముకుందో, చిక్కిపోయి జారిపోతున్నాయని తీసిందో.

"ములాఖత్‌కు పోయిన అక్కా. మీ ఆయన పేరు మా ఆయన కావాలని చెప్పలేదంట. ఫోన్ ముందట పెట్టి, రోజూ మాల్ మాల్ అంటున్నవ్, ఎవడు వీడు అని అడిగిన్రంట. పులిహోర అన్న అని చెప్పిండంట. గంతనే. మిగిలింది వాళ్లే రాసుకొని సంతకం పెట్టమన్నరంట."

"మూటలు ఎవరివి?"

"నాకు తెలువది. వ్యాన్ల ఎవలు ఏమేస్తరో చూడడంట. నాకైతే అట్లనే చెప్తుండు." ఆమె నా కళ్లలోకి చూడలేదు. "నీకు నమ్మబుద్ధి కాకుంటే నేనేమనను అక్కా. నాకు సుత ఒక్కోపాలి అట్లనే ఉంటది."

ట్రంకుపెట్టె గుర్తొచ్చింది నాకు.

"మా పిట్టలను అమ్మేసిన. గింజలేసేటోళ్లు లేరు. దీన్నొక్కదాన్ని అమ్మబుద్ధి కాలేదు. నీ మాల్ నీ తాననే పెట్టుకో," అంది. అన్నాక తనే ఉలిక్కిపడి చుట్టూ చూసింది. "పావురం. పావురమే అన్న నేను," అంది, గల్లీలో ఎవరో వింటున్నట్టు. ఇద్దరికీ నవ్వు రావలసిన మాటే అది. ఆమె పావురాన్ని నా చేతుల్లో పెట్టి తల మీద కొంగు లాక్కుని వెళ్లిపోయింది. ఆమె వచ్చిందని వకీలమ్మకు నేను చెప్పలేదు. ఆ తెల్లదాన్ని డాబా మీదికి తీసుకెళ్లి గూట్లో పెట్టాను.

పెద్దకోర్టులో మా కేసు వచ్చిన రోజు పాసు రాయించుకుని లోపలికి వెళ్లాను. పక్కన వకీలమ్మ గుమాస్తా కూర్చున్నాడు. అంతా ఇంగ్లీషు. నాకు అర్థమయ్యేవి చేతులు మాత్రమే. వకీలమ్మ చేతులు నెమ్మదిగా కదిలాయి. సర్కారు వకీలు చేతిలో కాగితం పైకి లేచింది. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ ఇంగ్లీషు మధ్యలో, పెద్ద గొంతుతో, "రెండు తెల్లవి దిగినయ్," అని చదివాడు.

మా ఆయన మాట అది. ముఖం కడుక్కుంటూ, పులిహోర చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ, నవ్వుతూ చెప్పే మాట. ఆ ఎత్తైన గదిలో, నల్లకోట్ల మధ్య, అది నిజంగానే దొంగ మాటలా వినిపించింది. నాకే అలా వినిపించింది. పక్కవాళ్లకు కనిపించకుండా కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

జడ్జిగారు ఏదో అడిగారు, చిన్న ప్రశ్న. సర్కారు వకీలు కాగితాలు తిరగేశాడు.

"ఈయన తాన ఏం దొరికింది అని అడుగుతున్నరు," అన్నాడు గుమాస్తా నా చెవిలో.

"ఏమంటున్నడు?"

"ఇంకా వెతుకుతున్నడు."

జడ్జిగారు మళ్లీ అడిగారు. గుమాస్తా, "దొరికినోని మాట కాకుండ ఇంకేమున్నది అంటున్నరు," అన్నాడు. ఆ తర్వాత ఏదో రాసుకుని, ఇంకో కేసు పిలిచారు. మాది ఎంతసేపు జరిగిందో చెప్పలేను. చాయ్ మరిగేంత కూడా పట్టలేదు. తీర్పు తర్వాత చెబుతారన్నారు.

ఆ తర్వాతి రోజులు అన్నింటికంటే చెడ్డవి. పట్టుకునేవాళ్లకు అప్పటిదాకా ఆగాలని లేదు. ఏ పొద్దయినా రావచ్చు. ఉస్తాద్ ఇంట్లో పాలు ఎక్కువ తీసుకుంటున్నారని పాలవాడు అన్నాడట, ఆ ఒక్క మాటకు మా ఆయన్ని అక్కడి నుంచి మార్చాలా అని సగం రోజు గుసగుసలాడాం. ఎక్కడికి మార్చాలో తోచక అక్కడే ఉంచాం.

శుక్రవారం మధ్యాహ్నం వకీలమ్మ ఫోన్ చేసింది. "వచ్చిందమ్మా," అంది. నేను పోలీసులు వచ్చారనుకుని, "ఏడికి?" అన్నాను. ఆమె మళ్లీ చెప్పింది, బెయిలు వచ్చిందని. నేను గడప మీద కూర్చున్నాను.

"ఏమన్నరమ్మా?"

"ఆయన తాన ఏం దొరకలేదు, పక్క ముద్దాయి మాట తప్ప ఇప్పటికైతే వేరే ఆధారం చూపలేదు, ఆ ఒక్కటి పెట్టుకొని అరెస్టు అవసరం లేదన్నరు."

"మరి పావురాల సంగతి?"

"పావురాలని ఒక్క లైను సుత లేదమ్మా."

ఇరవై రెండు పావురాలు, గంపలు, ఫొటోలు, ఉస్తాద్ ప్రమాణపత్రం. ఒక్క లైను కూడా లేదు. ఎందుకో ఆ మాటకే ఏడుపు వచ్చింది.

అక్కడితో అయిపోలేదు. కేసు అలాగే ఉంది, ఇప్పటికీ ఉంది. అప్పుడు ఆయన తనంతట తనే స్టేషన్‌కు వెళ్లాలి, ఇద్దరు జమానతుదార్లు పూచీగా సంతకం పెట్టాలి, వాళ్లు పట్టుకున్నట్టు రాసుకుని వదిలిపెట్టాలి. పట్టుకున్నట్టు అన్న మాట వకీలమ్మ ఎంత మెల్లగా చెప్పినా నాకు గట్టిగానే వినబడింది. ఉస్తాద్ తన ఇంటి కాగితాలు పట్టుకుని వచ్చాడు. రెండో సంతకానికి గుడి గుమాస్తా వచ్చాడు. నేను గేటు బయట నిలబడ్డాను. డాబా మీదికి వచ్చిన ఆ పోలీసే లోపలి నుంచి బయటికి వచ్చి నన్ను చూశాడు.

"పావురాలు మంచిగున్నయా అమ్మా?" అన్నాడు.

ఎగతాళి చేశాడో, నిజంగానే అడిగాడో ముఖంలో ఏమీ తెలియలేదు. "ఉన్నయ్ సార్," అన్నాను. ఎన్ని అని అడుగుతాడేమోనని లోపల లెక్కపెట్టుకున్నాను. తెల్లదానితో కలిపి ఇరవై రెండు.

గంటన్నర తర్వాత మా ఆయన బయటికి వచ్చాడు. బొటనవేలికి వేలిముద్రల నల్లసిరా. ఇంటికి వచ్చి ఎన్నిసార్లు రుద్దినా పోలేదు. మర్నాడు గుడికి వెళ్తే, ఆ వేలితో ప్రసాదం కలపకూడదని ఎవరూ అనలేదు. ఆయనే కలపలేదు. వారం రోజులు గరిటె ఇంకొకరికి ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పది గంటలకు స్టేషన్‌లో సంతకం. ఆదివారం పొద్దున నేను ఉప్మా చేయను. ఫోన్లో ఆయన పావురాల మాట ఎత్తడం లేదు. పాత ఫోన్ స్టేషన్‌కు వెళ్లిన రోజే తీసుకున్నారు, అది పోలీసుల దగ్గరే ఉంది, కొత్తదానిలో మా అమ్మాయి నంబరు, గుడి నంబరు, వకీలమ్మ నంబరు ఉన్నాయి. ఉస్తాద్ నంబరు కూడా ఎక్కించలేదు. ఉస్తాదే వద్దన్నాడు.

మొన్న మా పావురాలు రెండు పట్టాలకు అవతల దిగాయి. వెనకటి రోజులైతే ఆ క్షణానే ఫోన్ మోగేది. మోగలేదు. చాలాసేపటికి ఉస్తాద్ కర్ర పట్టుకుని, పట్టాలు దాటి, ఆయాసపడుతూ మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాట విడదీసి, కోర్టులో చెప్పినట్టు చెప్పాడు.

"నీ కబూతరాలు రెండు నా ఇంటి మీద దిగినయ్. పావురాలు. రెక్కలున్నయ్."

మా ఆయన డాబా పిట్టగోడ మీద నుంచి తొంగిచూశాడు. "ఏ రంగు ఉస్తాద్?" అని అడగబోయి, నోరు మూసుకుని, మెట్లు దిగి వచ్చి చెప్పులు వేసుకున్నాడు. రంగు అడగకుండానే ఇద్దరూ కలిసి పట్టాల వైపు నడిచారు. వాళ్లు తిరిగొచ్చేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.